సగం ప్రభుత్వం ఇస్తుందట

"మచ్చలవి వద్దని నేననడం లేదత్తయ్యా. మంచి టమాటా ఒక్కటైనా మన పొయ్యి ఎక్కకూడదని ఎవరు రాసిపెట్టారు? అదే అడుగుతున్నాను."

"ఒకరు రాసేదేముంది? మంచివి మనమే తినేస్తే ఇంక అమ్ముకునేదేమిటి?"

పొద్దుటి నుంచి వంటింట్లో ఇదే వాదన. పెద్దకోడలు మెత్తబడిన భాగాలు చాకుతో కోసి పారేస్తోంది. గిన్నెలో పడ్డవాటి కంటే పారేసిన కుప్పే పెద్దదిగా ఉంది. అత్తగారు ఆ కుప్పలోంచి కూడా నాలుగు ముక్కలు ఏరి గిన్నెలో వేసి, కోడలి చేతికి పొదుపు తెలియదని తేల్చేసింది.

పండించే ఇళ్ళలో ఇదేమీ వింత దృశ్యం కాదు. మంచి కాయ మార్కెట్‌కి, దెబ్బతిన్న కాయ ఇంటికి. పోనీ, అంత అపురూపంగా పంపిన మంచి కాయకైనా మంచి ధర పలుకుతుందా అంటే అదీ లేదు. చుట్టుపక్కల టమాటా తోటలన్నీ ఒక్కసారే కాపుకొస్తాయి. వ్యాపారి టీ తాగుతాడు, పేపరు తిరగేస్తాడు, ఎండెక్కేదాకా ట్రేల వైపు కన్నెత్తి చూడడు. అతనికి తొందరేముంది? తొందరంతా కాయది. కాయ వాడిపోయే వేళకు అతనెంతంటే అంత. వద్దనుకుని వెనక్కి తెచ్చుకుంటే దాచే చోటు లేదు.

అందుకే పెద్దకోడలి భర్త కోల్డ్ స్టోరేజి కట్టాలని పట్టుబట్టాడు. ఖర్చులో సగం ప్రభుత్వం ఇస్తుంది. మహిళా రైతు అయితే ఇంకాస్త ఎక్కువేనట. తోటలో కొంత భాగం ఆమె పేరున ఉంది కాబట్టి దరఖాస్తు కూడా ఆమె పేరునే రాయించాడు.

"నువ్వేమీ చెయ్యక్కర్లేదు, సంతకం పెడితే చాలు," అన్నాడు. "సగం వాళ్ళిస్తుంటే చిన్నది కట్టేవాణ్ణి చూసి నలుగురూ నవ్వరూ?"

అంత పెద్దది తోటలోని షెడ్డు దగ్గర పట్టదు. రోడ్డు పక్క స్థలమైతేనే సరిపోతుంది. ఆ స్థలం మరిది ఇల్లు కట్టుకోవడానికి మామగారు ఉండగానే చూపించి పోయినది. అతని భార్య ఈ మాట వచ్చిన రోజు నుంచి అందరికీ ఒక్కమాటతో సమాధానం చెప్పి ఊరుకుంటోంది. సంతకం పెట్టమన్న కాగితం అలమారలోనే ఉంది. పెద్దకోడలికి చెయ్యి రాలేదు.

చూస్తే మనసు మారుతుందని భర్త ఒకరోజు ఆమెనూ మరిదినీ వెంటబెట్టుకుని బయలుదేరాడు. మామగారి స్నేహితుడొకాయన అలాంటిదే పెద్దది కట్టాడు. దూరం నుంచి సినిమా హాలులా ఉంది. పెద్దాయన తలుపు లాగగానే ముగ్గురూ చల్లగాలి కోసం ముందుకు వంగారు. లోపలి నుంచి సిమెంటు వాసన వచ్చింది. ఒక మూల బస్తాలు, ఇంకో మూల అద్దెకిచ్చే ప్లాస్టిక్ కుర్చీలు.

"ఎప్పుడైనా నిండిందా బాబాయిగారూ?" అడిగిందామె.

"నిండకేమమ్మా? ప్రారంభోత్సవం రోజున. జనంతో."

మరిది నవ్వు ఆపుకోలేకపోయాడు. అన్నగారు నవ్వలేదు.

"సగం వస్తుంది కదా అని రెండింతలు కట్టాన్రా అబ్బాయ్," అన్నాడు పెద్దాయన అతని భుజం మీద చెయ్యి వేసి. "నా ఒక్కడి పంటతో ఓ మూల నిండేది. ఖాళీ గదైనా చల్లబరచాలంటే కరెంటు తాగకుండా ఉంటుందా?"

"చుట్టుపక్కల వాళ్ళవి పెట్టించాల్సింది కదా బాబాయ్?" అన్నాడు భర్త.

"ముందు అడగలేదు. నా గది, నా కాయలు అనుకున్నాను. తర్వాత అడుగుదామని వెళ్తే, నా మీద పోటీకి తలా ఒకటి కట్టేస్తున్నారు. ఇప్పుడు ఈ దారిలో చూడు, అన్నీ ఖాళీ గదులే, ఎవరి బస్తాలు వాళ్ళకున్నాయి."

మర్నాడు కాయలు ఏరడం కాగానే పెద్దకోడలు పక్కతోట షెడ్డుకి వెళ్ళింది. కిందటి కాపులో నీళ్ళ దగ్గర మాటామాటా పెరిగినప్పటి నుంచి ఆ ఇంటితో రాకపోకల్లేవు.

"రా వదినా, దారి మర్చిపోయావనుకున్నా," అంది పక్కతోటావిడ, క్యారెట్లు కడుగుతూనే. "ఇంతకీ మీదెంత పెద్దది కడుతున్నారు? మీకంటే ఓ గజమైనా పెద్దది ఉండాలని మా ఆయన మంకుపట్టు."

పెద్దకోడలు అక్కడే ఓ ట్రే బోర్లించుకుని కూర్చుంది. సిమెంటు బస్తాల సంగతి మొత్తం చెప్పింది. పక్కతోటావిడ చేతిలోని క్యారెట్టు నీళ్ళలో పడేసి, "మా ఆయన్ని కూడా ఓసారి తీసుకెళ్ళి చూపించాల్సిందే," అంది.

ఆ తర్వాత ఇద్దరూ కలిసే, అందరికీ ఒకటే గది కట్టుకుందామని అడుగుతూ మిగతా షెడ్లు తిరిగారు. ఒకరి క్యాబేజీ, ఒకరి బీన్సు, ఇంకొకరి జామ. అందరి కాపూ ఒక్క నెలలో రాదు. ఒకరిది ఖాళీ అయ్యేసరికి ఇంకొకరిది వస్తుంది. క్యారెట్టుకి కావలసినంత చలి టమాటాకి పడదు కాబట్టి మధ్యలో గోడ కట్టి రెండు అరలు చెయ్యాలి, అంతే.

ఆ ఆదివారం ఇంటిల్లిపాదీ భోజనానికి కూర్చున్నారు. అందరికీ వడ్డించాక ఆమె తనూ కంచం పెట్టుకుంది.

"ఆ కాగితం మీద నేను సంతకం పెట్టడం లేదండీ," అంది మామూలు గొంతుతో. "వేరే దరఖాస్తు పెడుతున్నాం. పక్కతోటవాళ్ళూ, మిగతావాళ్ళూ, మనమూ ఒక సంఘంగా. చిన్నది, రెండు అరలతో, మన షెడ్డు వెనక. రోడ్డు పక్క స్థలం మరిదిది, అందులో ఇల్లే వస్తుంది."

తోడికోడలు తలెత్తి చూసింది. భర్త ముద్ద కలపడం ఆపాడు.

"ఆ పక్కతోటవాడితో కలిసా? నీళ్ళ దగ్గర నన్ను అన్నన్ని మాటలన్నాడు."

"మీరు అన్నవి కూడా వాళ్ళావిడ గుర్తుపెట్టుకుంది," అంది ఆమె. మరిది దగ్గినట్టు నటించాడు.

"వ్యాపారి ముందు విడివిడిగా నిలబడి ఇన్నాళ్ళూ ఓడిపోయామురా. పోనీ, ఓసారి కలిసి నిలబడి చూడండి," అంది అత్తగారు.

"రెండు అరలకీ తలుపులు విడిగా పెట్టించాలి మరి," అని గొణిగాడు భర్త.

"అదీ అనుకున్నాం," అంది పెద్దకోడలు. "గోడలకీ చల్లబరిచే మిషన్‌కీ ప్రభుత్వం సాయం చేస్తుంది. దాన్ని నింపడం మాత్రం మన పని, అది ఏ ఒక్క ఇంటివల్లా అయ్యేది కాదు."