ఎవరితో మొదలు

"ఈసారి కూడా కాదంటే మా పిల్ల ఏమైపోతుందో మాస్టరూ" అన్నాను, గుండీలు కుడుతూ.

మాది బట్టలు కుట్టే షాపు. మాస్టరు టేపు మెడలో వేసుకుని నవ్వాడు. "మనుషుల మీద చదువేగా? ఇక్కడికి పంపక్కా. కొలతలు తీస్తుంటే చాలు, కడుపులో ఉన్నదంతా కక్కేస్తారు."

నేనూ నవ్వాను గానీ, గుండెల్లో రాయి కదల్లేదు.

మా బుల్లికి డాక్టరేటు చేయాలని కోరిక. ఒక్కళ్ళే బతికేవాళ్ళకు రోజు ఎలా గడుస్తుందన్నది దాని విషయం. సీటు రావాలంటే ముందు ఒక ప్రొఫెసరు గైడుగా ఉంటానని ఒప్పుకోవాలట. ఏడాదిగా అందరికీ మెయిళ్ళు రాస్తోంది. ఒకాయన విషయం చిన్నదన్నాడు, ఒకావిడ తన దగ్గర ఖాళీ లేదంది, మిగతావాళ్ళు ఉలకలేదు, పలకలేదు. వాళ్ళను చూసి నేర్చుకుందో ఏమో, ఇదీ నాతో మాటలు మానేసింది. కంచం గదిలోకి తీసుకెళ్తుంది, తిన్నాక తెచ్చి కడిగి పెడుతుంది. ఇంట్లో ఉండేది మేమిద్దరమే, ఒక గదిలో అది, పక్క గదిలో నా కుట్టుమిషనుతో నేను. పదో తరగతితో ఆగినదాన్ని, ఏం అడిగితే ఎక్కడ గుచ్చుకుంటుందోనని నేనూ అడగను.

చివరికి ఒక ప్రొఫెసరమ్మ వీడియోలో మాట్లాడతానంది. ఈ ఏడాదికి ఇదే ఆఖరట, కంచం తీసుకెళ్తూ బుల్లి ఆ ఒక్క ముక్కే చెప్పింది. ఆ ఉదయం షాపు మానేశాను. విజిల్ వస్తుందని కుక్కర్ పెట్టలేదు. కారే కుళాయికి గుడ్డ చుట్టాను. తలుపు అవతల నించుంటే ఆవిడ గొంతు వినిపించింది. ఒంటరిగా ఉన్నవాళ్ళు నీకు తలుపెందుకు తీస్తారు, అసలు ఎవరితో మొదలుపెడతావు అని అడుగుతోంది.

సరిగ్గా అప్పుడే మా పాత ఫ్రిజ్ గుర్రుమంది. ఆ మోతకు ఆవిడ విసుక్కుంటుందేమోనని పరుగెత్తి స్విచ్చు ఆపేశాను. పక్కనే ఉన్న నెట్ డబ్బా దీపాలూ ఆరిపోయాయి. రెండూ ఒకే స్విచ్చు మీద నడుస్తాయన్నది ఆ భయంలో గుర్తే లేదు.

వెంటనే మళ్ళీ వేశాను. బుల్లి తలుపు తీసుకుని వచ్చి స్విచ్చు మీదున్న నా చెయ్యి చూసింది. తిట్టినా బాగుండేది. తలుపు వేయకుండానే వెళ్ళి కూర్చుంది.

నెట్ డబ్బా దీపాలు మళ్ళీ వెలిగాయి. తెర మీద ప్రొఫెసరమ్మ కనిపించి, ప్రశ్న గుర్తుందా అంది. బుల్లి తలూపింది. ఫ్రిజ్ ఒక్కటే మోగుతోంది. చేతులారా దాని బతుకు బుగ్గి చేశాననుకుంటూ గోడకు జారగిలబడ్డాను.

"మా అమ్మతోనండి" అంది చివరికి. "పక్క గదిలో మిషను తొక్కుతూ తనలో తనే మాట్లాడుకుంటుంది. నాకు అంతా వినిపిస్తుంది, అయినా పలకను. ఎందుకు పలకనో తెలుసుకోకుండా, ఇంకొకళ్ళ తలుపు ఎలా తట్టను?"