తాళం వేసిన ఇసుక గది

మూడో అచ్చు కూడా కూలిపోయింది.

పెట్టె తిరగేయగానే లోపలి ఇసుక పెళ్ళలు పెళ్ళలుగా రాలి మెర్సీ పాదాల మీద పడింది. ఆమె వెనక కొలిమి బుసలు కొడుతోంది. లోపల ఇనుము కరిగి సిద్ధంగా ఉంది. పోయడానికే ఒక్క అచ్చూ నిలబడటం లేదు.

"పాపా, దీన్ని ఎంతసేపని ఆపను?" కొలిమి దగ్గర్నుంచి బుల్లియ్య అరిచాడు. "ఇంకాస్త బొగ్గేస్తే మధ్యాహ్నం దాకా లాగుద్ది. ఆ తర్వాత లోపలే గడ్డకట్టేస్తుంది. అప్పుడిక కొలిమినే పగలగొట్టుకోవాలి."

"వెయ్యి మావయ్యా. చూద్దాం."

కొలిమి పగిలితే మళ్ళీ కట్టించేవాళ్ళు లేరు. ఇసుకపర్రులో మిగిలిన ఆఖరి ఫౌండ్రీ అది. ఒకప్పుడు డెల్టాలో ఏ పొలం గట్టున ఆయిల్ ఇంజను మోగినా దాని ఇనుము ఇక్కడ పోసిందే. ఇప్పుడు దాని యజమాని షావుకారు గారి కొడుకులు ఆ స్థలాన్ని ప్లాట్లు వేసి అమ్మేద్దామంటున్నారు. రొయ్యల చెరువుల్లో గాలి కోసం తిప్పే ఏరేటర్లకి గేర్‌బాక్సు పెట్టెలు కావాలని భీమవరం నుంచి ఒక కంపెనీ అడిగింది. ఇవాళ పోసిన నమూనా నచ్చితే ఆర్డరు, లేకపోతే ప్లాట్లు. ఆ కబురు తెచ్చిందీ, పోసి చూపిస్తానని పంతం పట్టిందీ మెర్సీయే.

ఆమె తండ్రి విజయ్ పాల్ మేస్త్రీ బతికుండగా అచ్చు కూలడమన్నది ఎవరూ చూడలేదు. ఆయన ఇసుకను ఒక గదిలో, తలుపేసుకుని, ఒక్కడే కలిపేవాడు. బయటికి చెప్పనని షావుకారు గారికి మాటిచ్చాడట. ఆ మాట కన్నకూతురి దగ్గర కూడా తప్పలేదు. ఈస్టర్ వెళ్ళాక గుండెపోటుతో పోయాడు. గది తాళం తీసి చూస్తే ఇసుక, బంకమన్ను, బెల్లం మడ్డి కనిపించాయి. ఆ మూడూ కలిపి చేసిన అచ్చులే ఇప్పుడిలా రాలిపోతున్నాయి.

మెర్సీ ఫోన్ తీసింది. ఈ గేటు లోపల ఎత్తకూడని పేరు ఒకటుంది. కాలవ అవతల మట్టపాలెంలో ఉండే లోవరాజు. ఇసుకపర్రులో అతని పేరే దొంగ లోవరాజు.

పాతికేళ్ళ కిందట అతనిక్కడ హెల్పరు. ఇసుక గది తలుపు సందులోంచి చూడబోతుండగా షావుకారు వెంకటసుబ్బారావు గారు పట్టుకుని, చొక్కా పట్టి గేటు బయటికి నెట్టారు. ఏడాది తిరక్కుండా మట్టపాలెంలో లోవరాజు పోసిన ఇనుము అచ్చం ఇక్కడి ఇనుములాగే ఖంగుమంది. లోపలి మనిషెవరో రహస్యం చెప్పేశారు! ఎవరో తేలలేదు. షావుకారు గారు గదికి రెండో తాళం వేయించారు. కొత్త కుర్రాళ్ళని పనిలో పెట్టుకోవడం మానేశారు. ఇప్పటికీ రోజూ పొద్దున్నే గేటు పక్కన కుర్చీలో కూర్చుని అదే అంటారు. "చెప్పిందెవడో తేలాలి. ఈ ఊరిని ముంచినవాడు వాడే."

మెర్సీ వేలు నంబరు మీద ఆగింది. రహస్యం తెలిసిన మనిషి నాన్న ఒక్కడే. లోవరాజు వస్తే పాత ప్రశ్న మళ్ళీ లేస్తుంది. మాట మీద నిలబడ్డాడన్న పేరు తప్ప నాన్న ఇంకేమీ మిగల్చలేదు. అది కూడా పోతే?

కొలిమి ఇంకోసారి బుస కొట్టింది. ఆమె నొక్కేసింది.

"బాబాయి గారండీ, నేను విజయ్ పాల్ గారి మెర్సీని. అచ్చు నిలబడట్లేదండి."

"కొలిమి ఆపకమ్మాయ్. వస్తున్నా."

లోవరాజు వ్యాను గేటు దగ్గర ఆగేసరికి షావుకారు గారి భార్య నాగరత్నం పనివాళ్ళకి మజ్జిగ పోస్తోంది. వ్యాను దిగిన మనిషిని చూసి ఆమె చేతిలో గ్లాసు తొణికింది.

"ఎవడ్రా అది?" వెంకటసుబ్బారావు గారు చేతికర్ర ఎత్తారు.

"లోవరాజునండి."

"దొంగ వెధవకి నా గేట్లో ఏం పని?"

"మెర్సీ పిలిచిందండి. మీరు పొమ్మంటే పోతాను. పాతికేళ్ళ కిందట పోలేదేంటి?" లోవరాజు చెప్పులు గేటు బయటే విప్పి, కొలిమి వైపు చూశాడు. "ఆ ఇనుము మాత్రం మనిద్దరి తగువు తేలేదాకా ఆగదండి."

షావుకారు గారూ కొలిమినే చూశారు. పోత పోయించి బతికిన మనిషి ఆయన. కరిగిన ఇనుమును పాడుచేయమని ఎలా అంటారు? మొహం పక్కకి తిప్పుకున్నారు. "కానియ్" అన్నారు.

"వారు మందు వేసుకోలేదింకా" అంది నాగరత్నం ఎవరితోనో అన్నట్టు. ఆమె భర్తను ఎప్పుడూ 'వారు' అనే అంటుంది. మొన్న రాజమండ్రి ఆసుపత్రిలో చీటీ రాసే అమ్మాయి పేషెంటు పేరేంటండీ అంటే, సిగ్గుపడిపోయి, "నువ్వు చెప్పమ్మా మెర్సీ" అంది. ఆ అమ్మాయి ఒకటే నవ్వు.

లోవరాజు ఇసుకను గదిలోంచి ఈడ్పించి వాకిట్లో కుప్ప పోయించాడు.

"అందరి ముందరేనా కలిపేది?" బుల్లియ్య నోరు తెరిచాడు.

"మా ఊళ్ళో రోడ్డు మీదే కలుపుతాం మావా. బస్సోడు హారన్ కొడితే పారలు పక్కకి లాగుతాం."

వ్యానులోంచి కేను తెచ్చి మూత తీశాడు. పుల్లటి వాసన గుప్పుమంది.

"ఇది గంజి కదా!" అన్నాడు బుల్లియ్య.

"పులిసిన గంజి. అంతే, ఇంకేం లేదు."

"ఓరి దేవుడా! దీనికా రెండు తాళాలు?"

పనివాళ్ళంతా నవ్వారు. మెర్సీ నవ్వలేదు. ఆ వాసన ఆమెకి తెలుసు. నాన్న చొక్కాకి ఎప్పుడూ ఉండే వాసన అది.

"పట్టుకో అమ్మాయ్." లోవరాజు ఆమె గుప్పిట్లో ఇసుక పెట్టాడు. "నొక్కు. ఇప్పుడు విరువు. వేళ్ళ అచ్చు చెదరకుండా రెండు ముక్కలైతే అయిపోయినట్టే."

చెదరలేదు.

"మీ దగ్గర నేర్చుకున్నోళ్ళు మీ పక్కనే షెడ్లు పెట్టుకుంటారంట. బెంగనిపించదా?" పెట్టెలో ఇసుకను దిమ్మిసతో కొడుతూ మెర్సీ అడిగింది.

"ఎందుకనిపించదూ? మొదటోడు పెట్టినప్పుడు నాకు ముద్ద దిగలేదు. తర్వాత ఆయిల్ ఇంజన్ల కాలం అయిపోయింది. నేను పోసేది అవే కదా! అప్పుడు వాడే మోటారు పంపుల పని తెచ్చి సగం నాకిచ్చాడు. పంపులు తగ్గితే ఇంకోడు రైసుమిల్లు చక్రాలు పట్టుకొచ్చాడు. ఇప్పుడు ఏరేటర్లు. అంతమందిలో ఎవడో ఒకడికి ఏదో ఒకటి తడుతుంది. నా ఒక్కడి బుర్రనే నమ్ముకుంటే ఎప్పుడో మూసేసేవాణ్ణి."

గేటు దగ్గర చేతికర్ర చప్పుడు ఆగిపోయింది. వెంకటసుబ్బారావు గారు వింటున్నారు.

ఈసారి పెట్టె తిరగేస్తే ఇసుక గింజ రాలలేదు. ఎర్రటి ఇనుము అచ్చులోకి జారింది. చల్లారేదాకా పనివాళ్ళంతా దాని చుట్టూనే నిలబడ్డారు. బుల్లియ్య అచ్చు పగలగొట్టి, ఇసుక దులిపి, పోతను సుత్తితో తట్టాడు.

ఖంగుమంది. చర్చి గంటలా, నిండుగా.

మెర్సీకి కళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

షావుకారు గారు కర్ర ఊతంతో లేచి వచ్చారు. పోత మీద చెయ్యి వేసి నిమిరారు. ఇంకా వేడిగానే ఉంది, అయినా తియ్యలేదు. తర్వాత తలెత్తారు. "ఇప్పుడు చెప్పరా. నీకు ఇది చెప్పిందెవరు?"

లోవరాజు నేల చూశాడు. "అది మాత్రం అడక్కండి."

"అడగడమెందుకు? విజయ్ పాలే. నా ఉప్పు తిని, నాకు మాటిచ్చి..."

"మా నాన్న కాదండీ!"

"మరి? ఆ గదిలోకి ఇంకెవరు పోయారు?"

మెర్సీకి ఆ గంజి వాసన మళ్ళీ తగిలింది. చిన్నప్పుడు రోజూ చూసేది. షావుకారు గారి పెరటి గుమ్మంలోంచి నాన్న కేను పట్టుకుని వచ్చేవాడు. ఏంటది మేస్త్రీ అని ఎవరైనా అడిగితే, గేదెకి కుడితి అనేవాడు.

మాకు గేదె ఎప్పుడుంది?

ఆమె తల తిప్పింది. మజ్జిగ గిన్నె పట్టుకుని నాగరత్నం తననే చూస్తోంది. నాన్నని కాపాడే మాట మెర్సీ నాలుక చివరకొచ్చింది. కానీ ఆ పెద్దావిడ గిన్నెను గుండెకి అదుముకుని నిలబడింది. మెర్సీ పెదవులు బిగించుకుంది.

నాగరత్నం గిన్నె కింద పెట్టింది. "తండ్రి పోయిన పిల్లనెందుకండీ అలా ఏడిపిస్తారు? చెప్పింది నేను."

షావుకారు గారి చెయ్యి పోత మీంచి జారింది.

"మీరు గెంటేసిన రోజు పెరట్లో అన్నం పెట్టాను. ఆకు ముందు కూర్చుని ఏడుస్తాడే గానీ తినడు. గంజి వార్చేదాన్ని, అదెక్కడికి పోతోందో నాకు తెలీదా? మేస్త్రీకి గేదె ఎక్కడిదండీ? ఇసుకలో గంజి పొయ్యి నాయనా, ఎక్కడైనా బతుకుతావు అన్నాను. నా పేరు చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను. దొంగ అనిపించుకుని మరీ నిలబెట్టాడు."

"దండం పెడతాను, ఊరుకోండమ్మా" అన్నాడు లోవరాజు.

షావుకారు గారు భార్యను కొత్తగా చూస్తున్నట్టు చూశారు. "అయితే రత్నం... ఈ ఊరిని ముంచింది నువ్వా?"

ఆమె దగ్గరికి వచ్చింది. ఆయన చెంప మీద పడిన మసిని పమిట చెంగుతో తుడిచింది.

"గంజి సంగతి చెప్పింది నేను. దానికి ఊళ్ళు మునగవండీ. మట్టపాలెం చూడండి, ఎలా ఉందో! కుర్రాళ్ళని రానివ్వకుండా, ఉన్నవాళ్ళకి నేర్పనివ్వకుండా తలుపులు మూసింది మాత్రం..."

ఆగిపోయింది. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆ నోరు పలకని పేరు అది.

వెంకటసుబ్బారావు గారు వాకిట్లో మిగిలిన ఇసుక కుప్పనీ, తెరిచి ఉన్న గది తలుపునీ చాలాసేపు చూశారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కర్రను రెండో చేతికి మార్చి, ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"చెప్పు" అన్నారు మెల్లిగా. "పాతికేళ్ళుగా అడుగుతూనే ఉన్నానుగా. ఎవరో నీ నోటితోనే చెప్పు."

ఆమె ఆ చెయ్యి వదల్లేదు.

"వెంకటసుబ్బారావు" అంది.