మామిడిచిగురు సినిమా చీర

2022 నవంబరు 13, ఆదివారం, ఉదయం పదకొండు గంటల ఐదు నిమిషాలు. హిందూపురంలో ఆకాశం నిర్మలంగా ఉంది. ఉష్ణోగ్రత ఇరవై ఎనిమిది డిగ్రీలు. తూర్పు నుంచి వీస్తున్న గాలి గోడ పోస్టరు మూలను కదిలించేపాటిదే. ముందురోజు కురిసిన వాన ఊరంతా ఆరిపోయి, ఒక్క థియేటరు ముందు మాత్రం మడుగుగా నిలిచి ఉంది.

ఆ మడుగును దాటుకుంటూ, నలభై ఎనిమిదేళ్ల మగవాళ్లు బస్తాలకెత్తిన కాగితపు ముక్కలతో లోపలికి పోతున్నారు. ఇరవై నాలుగేళ్ల కిందటి సినిమా ఒకదాన్ని కడిగి, తుడిచి, రంగు తేల్చి మళ్లీ ఆడిస్తున్నారు. ఆ కాలపు సినిమాల పేర్లన్నీ ప్రేమ, పెళ్లి, నువ్వు, నేను అనే నాలుగు మాటలను అటూ ఇటూ జరిపి పెట్టినవే కనుక దీని పేరు ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. కథ కూడా అంతే. నలభై దాటిన కథానాయకుడు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతుంటాడు. ప్రేమను చెప్పలేక రెండున్నర గంటలు బాధపడతాడు. మంచుకొండల మీద మాత్రం మూడు స్వెట్టర్లు వేసుకుని ధైర్యంగా పాడతాడు. నాయిక పలుచని చీరతో, స్వెట్టరు లేకుండా, ఆయన ధైర్యాన్ని మెచ్చుకుంటుంది.

గేటు దగ్గర నిలబడిన ఉమాదేవికి ఇవేవీ పట్టలేదు. బజారువీధిలో పట్టుచీరల అంగడి నడిపే ఆమె, ధర్మవరం నుంచి రైల్లో వస్తున్న తండ్రి కోసం చూస్తోంది. ఆయన రాకూడదని కోరుకుంటూ చూస్తోంది.

కారణం ఆ సినిమాలోని ఒక చీర.

1998 చివర్లో, ధర్మవరంలో, ఇరవై ఏళ్ల ఉమాదేవి తన పెళ్లికి ఆ సినిమాలోని ఒక పాటలో నాయిక కట్టిన చీరే కావాలని పట్టుబట్టింది. ఆమె సినిమా చూసింది. పెద్ద ఊళ్లలో డెబ్బై రోజులు అరిగి ధర్మవరం చేరిన ఆ ప్రింటులో ప్రతి సన్నివేశంలోనూ గీతల వాన కురిసేది, మనుషులందరూ ఇటుక రంగులో ఉండేవారు. అందువల్ల చీర రంగేమిటో ఆమె తండ్రికి చెప్పలేకపోయింది. తండ్రి అశ్వత్థప్పకు మగ్గం దిగి థియేటరుకు పోయే తీరిక లేదు. ఒక శుక్రవారం సాయంత్రం ఎదురింటి ఓబన్న టీవీలో పాటలు వస్తుంటే ఆ ఒక్క పాట చూసి వచ్చాడు.

ఓబన్న టీవీకి ఒక జబ్బు ఉండేది. పక్కన తడితే బొమ్మ ఎర్రబడేది, మళ్లీ కాసేపటికి పచ్చబడేది. వీధి వీధంతా ఎరిగిన సంగతే. వార్తలు చదివే మనిషి ఎరుపై, పచ్చనై, మళ్లీ ఎరుపైనా ఆయన గురించి ఎవరూ ఏ నిర్ణయానికీ వచ్చేవారు కాదు. కానీ చీర సంగతి వేరు. కదిలినప్పుడల్లా ఒకసారి ఎర్రగా, ఒకసారి పచ్చగా కనబడే చీరను చూసి, ఇంకే ఊరివాడైనా టీవీని తడతాడు. ధర్మవరం నేతగాడు మాత్రం, పడుగు ఎరుపు, పేక పచ్చ అని గ్రహిస్తాడు. రెండు రంగుల దారాలు నిలువుకూ అడ్డానికీ వేసి, వెలుతురు పడే తీరును బట్టి రంగు మారేలా నేయడం ఆ ఊరి విద్య. అశ్వత్థప్ప ఆ విద్యలో అందెవేసిన చేయి. పన్నెండు రోజులు నేశాడు. మగ్గం మీంచి దిగిన చీర అచ్చం మామిడిచిగురులా ఉంది.

ఉమాదేవి దాన్ని చూసి, "ఇదే నాయనా, అచ్చం ఇదే!" అంది. ఇది కాదని చెప్పడానికి ఆమె దగ్గర ఆధారమేమీ లేదు. ఇదేనని చెప్పడానికి చీర అందంగా ఉండడం చాలింది.

అక్కడి నుంచి ఒకదాని వెంట ఒకటి వరసగా జరిగాయి. ఆమె పెళ్లికి వచ్చిన వాళ్లు సినిమా చీర చూశారు. ఆ తరువాత ముహూర్తాలకు పెనుకొండ, హిందూపురం, లేపాక్షి పెళ్లికూతుళ్లు అదే కావాలన్నారు. అశ్వత్థప్పకు చేతినిండా పని వచ్చిపడి, ఆ పనికి మూలమైన సినిమా చూసే తీరిక శాశ్వతంగా పోయింది. మొదటి ఏడాది అది సినిమాలో చీర వంటిది. రెండో ఏడాది సినిమాలో చీర. ఐదో ఏడాదికి, సినిమా కంపెనీవాళ్లే కారు వేసుకుని ధర్మవరం వచ్చి, అశ్వత్థప్ప మగ్గం మీంచి నాయిక కోసం కోసుకుపోయిన చీర. అశ్వత్థప్ప ఆ మాట ఎన్నడూ అనలేదు. కాదని కూడా అనలేదు. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. అబద్ధానికి ఇరవై నాలుగేళ్ల నిలకడ దొరికితే దానినీ నిజమనే పిలుస్తారు.

పది రోజుల కిందట ఉమాదేవి ఫోనులో ఆ సినిమా కొత్త ప్రకటన చూసింది. రెండు సెకన్లు పాట కనిపించింది. చీర లేత గులాబీ రంగు. అందులోనూ పట్టు కాదు, మిషను మీద నేసిన మెరుపు గుడ్డ. దాని మీద అతికించిన చెమ్కీలు కూడా స్పష్టంగా కనబడ్డాయి. డెబ్బై ఆరేళ్ల తండ్రి నిండు థియేటరులో నవ్వులపాలు కాబోతున్నాడని ఆమెకు ఆ రెండు సెకన్లలోనే అర్థమైంది.

అశ్వత్థప్ప ఆటో దిగాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కున్నాడు.

"నాయనా, లోపల శానా జనముండారు. దుమ్ము. నీ మోకాళ్లకు మెట్లు కూడా కష్టం. ఇంటికి పోదాం పా."

"ఏమ్మా, దుమ్ములోనే కదా నేను బతికింది! ఇన్నేండ్లుగా ఊరంతా చూసినారు, నా చీరను తెరమీద నేనొక్కనే చూడల్యా. పక్కకు జరుగు."

"ఫోన్లో చూపిస్తాలే నాయనా."

"అగ్గిపెట్టెంత ఫోన్లో పట్టుచీర చూడల్నా? గమ్మునుండు."

అప్పుడే ప్రేమలత వచ్చింది. పెనుకొండలో కిరాణా అంగడివాళ్ల కోడలు. 1999లో మామిడిచిగురు చీర కట్టుకుని పెళ్లి చేసుకున్నవాళ్లలో ఒకతె. కూతురు వైష్ణవికి ఫిబ్రవరిలో పెళ్లి. తల్లి కట్టిన చీరే కొత్తగా నేయించమని ఉమాదేవికి చెప్పి ఉన్నారు.

"అప్పా, బాగుండావా? మా పాపకు చెప్తాండా, చూడుమే, ఆ సినిమా చీర నేసినాయన ఈయనే అని."

వైష్ణవి వంగి కాళ్లకు మొక్కింది. "తాతా, తెరమీద చీర రాంగనే ఫోటో తీసుకుంటా. దాన్నీ మా అమ్మ చీరనూ పక్కపక్కన పెట్టి చూపించల్ల అందరికీ."

ఉమాదేవి తండ్రి వెంట లోపలికి నడిచింది.

సినిమా మొదలైంది. కథానాయకుడు నడుము మీదికి లాగి కట్టిన ప్యాంటుతో, మధ్యపాపిడితో కనబడగానే కాగితపు ముక్కలు కురిశాయి. ఒకప్పుడు ఆ పాపిడి కోసం ప్రయాసపడిన తలలు ఇప్పుడు ఏ పాపిడికీ వీలులేని స్థితికి చేరాయి. అయినా ఈలలకు లోటు లేదు. ప్రేమలేఖ ఒకటి తప్పుడు చేతుల్లో పడింది. ఒక్కసారి ఫోను చేసి మాట్లాడితే తీరిపోయే చిక్కు అది. ఆ రోజుల్లో ప్రేమికులకు ఎస్టీడీ బూతు కంటే త్యాగమే దగ్గరగా ఉండేది కాబోలు.

విశ్రాంతికి ముందు ఆ పాట వచ్చింది. పదకొండు దుస్తులు మార్చాక నాయిక చీరలో ప్రత్యక్షమైంది. లేత గులాబీ. నలభై సెకన్లు. ప్రతి మడతా, ప్రతి చెమ్కీ దారుణమైన స్పష్టతతో కనబడ్డాయి.

అశ్వత్థప్ప లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా పెద్దాయనా, కూకో! తెర కనపడల్యా!" వెనకనుంచి ఎవరో అరిచారు.

ఆయన కూర్చోలేదు. చీర మాయమయ్యేదాకా చూసి, "ఇది మిషను గుడ్డ," అన్నాడు మెల్లగా. ఉమాదేవి ఆయన చెయ్యి పట్టుకుంది.

విశ్రాంతి సమయంలో వరండాలో, టీ గ్లాసుల మధ్య, ప్రేమలత ఎరిగిన ఆడవాళ్లు ఏడెనిమిది మంది చేరారు. అందరూ ఆ కాలపు పెళ్లికూతుళ్లే. అశ్వత్థప్ప వాళ్లకు ఎదురుగా నిలబడ్డాడు.

"అమ్మా, ఒక మాట. నేను నేసింది తప్పు. ఆ పొద్దు ఓబన్న టీవీ చెడిపోయిండె. ఒగసారి ఎరుపు, ఒగసారి పచ్చ కనపడితే, రెండు రంగుల చీర అనుకున్యా. సినిమావోళ్లు నా కాడికి ఎప్పుడూ రాలే. మీరందరూ కట్టుకునింది సినిమా చీర కాదమ్మా."

నవ్వు వస్తుందని ఉమాదేవి ఎదురుచూసింది. రాలేదు.

"ఏం మాటప్పా అది?" అంది ప్రేమలత. "నేను అనంతపురంలో మూడు తూర్లు చూసిన. మామిడిచిగురే. ఇప్పుడు ఈళ్లు కంప్యూటర్లో వేసి రంగులు మార్చినారు."

"కాదుమ్మా, గుడ్డ కూడా పట్టు కాదు..."

"దాన్నీ మార్చుంటారు. ఏమైనా చేస్తారు ఈ కాలంలో."

"మా ఇంట్లో పెళ్లి ఫోటో ఉండాది," అంది మరొకామె. "దాంట్లో మామిడిచిగురే. ఫోటో అబద్ధం చెప్తాదా?"

వైష్ణవి ఫోను చూసుకుంటూ, "కానీ అమ్మా, ఈడ గులాబీ రంగు..." అని మొదలుపెట్టింది.

"నువ్వప్పటికి పుట్టనేలేదు. నీకేం తెల్సు?"

ఇరవై నాలుగేళ్లు కాదనని మనిషి చివరికి కాదంటే, వినడానికి ఒక్కరూ లేరు. ఆయన కూతురి వైపు తిరిగాడు.

"ఉమా, నువ్వు చెప్పుమ్మా. నువ్వూ చూసినావు కదా. నేను అబద్ధం మోయలేను ఇంక."

పది రోజులుగా ఉమాదేవి భయపడింది నలుగురూ నవ్వుతారని. ఎవరూ నవ్వలేదు. ఆయన పరువు భద్రంగా ఉంది. ఆయన అడుగుతున్నది దాన్ని దించుకోవడానికి ఒక సాక్ష్యం. ఆమె ఎదురుగా ఉన్న ఏడెనిమిది ముఖాలను చూసింది. వాటిలో ప్రతి ఒక్కదానికీ ఒక పెళ్లి ఉంది, ఆ పెళ్లికొక ఆల్బం ఉంది, ఆ ఆల్బం మొదటి పేజీలో ఆ చీర ఉంది. ఫిబ్రవరిలో ఇంకొకటి చేరబోతోంది.

"నాకు గుర్తు లేదు నాయనా," అంది.

అశ్వత్థప్ప ఆమెను కాసేపు చూశాడు. పోగు తెగితే ఎక్కడ తెగిందో వెతికే చూపు అది. తరువాత టీ గ్లాసు కింద పెట్టి, "సరేలేమ్మా. రైలుకు టైమయితాది," అన్నాడు. గంట మోగింది. ఆడవాళ్లు లోపలికి పోయారు. కథానాయకుడి త్యాగం ఇంకా గంటంబావు మిగిలి ఉంది.

వైష్ణవి పెళ్లి ఫిబ్రవరిలో మామిడిచిగురు చీరతోనే జరిగింది. ఏప్రిల్‌లో ధర్మవరం నుంచి ఉమాదేవి అంగడికి ఒక పార్శిలు వచ్చింది. అశ్వత్థప్ప ఒంటరిగా రెండు నెలలు నేసిన చీర అందులో ఉంది. ఒకటే రంగు, లేత గులాబీ, అసలు పట్టు. చెమ్కీలు ఉండిన చోట జరీ చుక్కలు. సినిమా చీర అని రాసి ముందు అద్దాల బీరువాలో పెట్టమని కబురు చేశాడు. ఉమాదేవి అలాగే పెట్టింది. చూసిన ప్రతి ఆడమనిషీ అది కాదని చెప్పి మామిడిచిగురుది అడిగింది.

2025 డిసెంబరు నాటికి ఆ గులాబీ చీర అమ్ముడుపోలేదు.