వద్దంటే వినని ఆట

నరసరావుపేటలో రేడియోలూ టీవీలూ బాగుచేసే కోటేశ్వర్లుకు భార్య మాణిక్యమ్మ పోయిన దుఃఖం కంటే, ఆ దుఃఖాన్ని చూడటానికి వచ్చేవాళ్ల పోరు ఎక్కువైంది. వచ్చినవాడల్లా కుర్చీ లాక్కుని ‘ఎట్టా పోయింది?’ అనేవాడు. సగం వినేవాడు. కాఫీ తాగి, ‘మగాడివి, ఎన్నాళ్లుంటావు ఒంటిగా?’ అని లేచేవాడు. ఏడాది తిరక్కముందే అక్క వీరరాఘవమ్మ రాజుపాలెంలో సంబంధం చూసింది. పిల్ల పేరు సుశీల, మొగుడు పోయిన మనిషి. కోటేశ్వర్లు వద్దన్నాడు. ఆ మాటను ఆవిడ దగ్గు కింద జమకట్టింది.

ఇల్లు తప్పించుకోవడానికి అతను సాయంత్రాలు ధనుంజయరావు దగ్గర కూర్చునేవాడు. ధనుంజయరావు నిన్నటిదాకా టైపు నేర్పినవాడు. ఎనభై ఏడులో ఒక చిన్న కంప్యూటరు తెచ్చి టీవీకి తగిలించి, ఇన్‌స్టిట్యూట్ బోర్డు మార్చాడు. టీవీ చెడినప్పుడల్లా కోటేశ్వర్లును పిలిచేవాడు. కంప్యూటరుతోపాటు ఆటలు తయారుచేసుకునే క్యాసెట్ ఒకటి వచ్చింది. టేప్‌రికార్డరులో వేసి కంప్యూటరులోకి ఎక్కిస్తే అదే అడుగుతుంది, తెర మీద ఏమి రాయాలి, ఏ మీట నొక్కితే ఏమి జరగాలి అని. పెద్ద చదువు అక్కర్లేదు. తెలుగు అక్షరాలు లేవు కనుక తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి.

కోటేశ్వర్లు మొదట కిరసనాయిలు ఆట చేశాడు. వరసలో నిలబడాలి. వంతు వచ్చేసరికి రేషను డీలరు తలుపు మూస్తాడు. అంతే ఆట. తరవాత పరామర్శ ఆట చేశాడు. ఇందులో ఆడేవాడికి పెళ్లాం పోయింది. చుట్టాలు ఒక్కొక్కరే వస్తారు. ఒకటి నొక్కితే ‘సరే’, రెండు నొక్కితే ‘వద్దు’. ఏది నొక్కినా చుట్టం తన మాటే తను అంటాడు.

“గెలుపేదయ్యా?” అన్నాడు ధనుంజయరావు.

“లేదు.”

“గెలుపు లేకపోతే ఆటేంది, నా మొహం! చివర్న పెళ్లి పెట్టు. సన్నాయి కూడా కుయ్ కుయ్‌మనిపిద్దాం.”

“నీ పెళ్లికి అనిపించుకో.”

కొత్త ఇన్‌స్టిట్యూట్ చూడటానికి ధనుంజయరావు ఊళ్లో నలుగురినీ పిలిచాడు. ఒక ప్లీడరు పరామర్శ ఆట ఆడి, “అచ్చం మా బావమరిదే!” అని పడీపడీ నవ్వాడు. మాణిక్యమ్మ ఎట్టా పోయిందని రెండుసార్లు వచ్చి అడిగిన పెద్దమనిషి ఆయనే. తెరలో ఎవడికీ తన మొహం కనబడలేదు.

వీరరాఘవమ్మ కూడా వచ్చింది. ఆవిడకు ఇంగ్లీషు అక్షరాలు రావు. ధనుంజయరావు పైకి చదివాడు. ఆవిడ కొంగుతో వేలు తుడుచుకుని ‘వద్దు’ నొక్కింది.

“‘మగాడివి, ఎన్నాళ్లుంటావు ఒంటిగా?’ అంటందమ్మా,” అన్నాడు ధనుంజయరావు.

మళ్లీ నొక్కింది. మళ్లీ అదే. మీట విరిగేట్టు నొక్కింది.

“ఏందిరా కోటీ ఇది! వద్దని చెప్తంటే వినపడదా దీనికి? చెవుడా?”

“చెవుడు కాదక్కా. మనింట్లో మాటలు నేర్చుకుంది.”

గదిలో నవ్వు ఆగింది. ఆవిడ తెరను చూసింది, తమ్ముణ్ని చూసింది. అర్థమైందనే అనుకున్నాడు కోటేశ్వర్లు. అతని గుండె కాస్త తేలికపడింది కూడా.

“మిషనుకేం తెలుసులే,” అంటూ లేచింది వీరరాఘవమ్మ. “ఆదివారం రాజుపాలెం వాళ్లొస్తన్నారు. గడ్డం గీయించుకో.”

ఆదివారం సుశీలను వెంటబెట్టుకుని తండ్రి చెన్నయ్య, ఇద్దరు మేనమామలు వచ్చారు. “మీ ఆవిడ ఎట్టా పోయిందయ్యా?” అన్నాడు చెన్నయ్య కూర్చుంటూనే. కోటేశ్వర్లు నోరు తెరిచేలోపు కాఫీ వచ్చింది.

సుశీల తలెత్తి సూటిగా అడిగింది. “మీకిష్టమేనా?”

“లేదు.”

“నాకూ లేదు. మావాళ్లకి చెప్పీచెప్పీ నా నోరు పడిపోయింది.”

చెన్నయ్య వీరరాఘవమ్మను చూసి తొడ చరిచి నవ్వాడు. “చూశావా అమ్మాయ్! ఇద్దరిదీ ఒకటే మాట. ఇంతకన్నా పొంతన ఏడ కుదురుద్ది?”

“నేనూ అదే అనబోతన్నా మావయ్యా,” అంటూ వీరరాఘవమ్మ పంచాంగం అందుకుంది.

మాఘమా, ఫాల్గుణమా అని పట్టుకున్నారు. పంచాంగం మీద ఐదు తలకాయలు వాలాయి, ఐదోది పక్కింటివాడిది.

సుశీల లేచింది. “బస్టాండు ఎటు?”

కోటేశ్వర్లు చెప్పులేసుకుని వీధి మలుపుదాకా వెళ్లి దారి చూపించాడు. మాణిక్యమ్మ ఎట్టా పోయిందని ఆమె అడగలేదు. ఒంటిగా ఎన్నాళ్లుంటావనీ అడగలేదు. తలూపి వెళ్లిపోయింది. అతను ఇంటికి తిరగకుండా తన రిపేరు షాపు వైపు నడిచాడు.

ఇంట్లో మాఘం ఖాయమైంది.