పెన్సిల్ తప్పులు

ఇద్దరూ కొట్టుకున్నారు. టీసీ మాత్రం ఒక్కరికే వచ్చింది, అది కూడా పెదవి పగిలిన పిల్లకు.

నళిని టీచర్ అంతా కళ్లారా చూసింది. బేగంబజార్ టోకు వ్యాపారి సోమయ్య కొడుకు వరుణ్, "హమాలోళ్ల పిల్ల పక్కన కూసోను" అంటూ స్రవ్య సంచిని కిటికీలోంచి విసిరేశాడు. ఆ పిల్ల తోసింది. వాడు కొట్టాడు. తిరిగి కొట్టింది.

లాల్‌దర్వాజాలోని ఆ బడిలో ఒక క్రమశిక్షణ రిజిస్టర్ ఉంది. ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నం అన్నట్టు దానికో ఆచారం. తెలిసిన ఇళ్ల పిల్లల తప్పులు పెన్సిల్‌తో రాసి ఏడాది చివర రబ్బరుతో తుడిచేస్తారు. హమాలీల పిల్లలవి, బహదూర్‌పురా ముస్లిం పిల్లలవి పెన్నుతో రాస్తారు. మూడుసార్లు పెన్ను పడితే టీసీ. రిబ్బన్ లేదని ఒకటి, ఎదురు చెప్పిందని ఒకటి స్రవ్యకు ముందే ఉన్నాయి. మూడోది రాసింది నళిని. తొమ్మిదేళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే పెన్సిలూ పెన్నూ మార్చుకుంది.

మర్నాడు స్రవ్య తండ్రి పెంటయ్య బిడ్డను వెంటబెట్టుకుని గేటు దగ్గరికొచ్చాడు. మూటలు దించడం ఆపేసి నలభై మంది హమాలీలు వెంట వచ్చారు. బహదూర్‌పురా తల్లులూ వచ్చారు.

"నా బిడ్డ కొట్టలేదంటలేను సారూ. ఆ పిలగాడు కొట్టలేదా? రిజిస్టర్ చూపియ్యుండ్రి."

"బయటోళ్లకు చూపియ్యం. లొల్లి చేస్తే పోలీసుల్ని పిలుస్త" అన్నాడు ప్రిన్సిపాల్ మురళీధర్.

"పిలువుండ్రి. ఆళ్లకు చదువొస్తది, ఆళ్లతోనే చదివిపిద్దాం!"

గుంపులోంచి రెహానా అనే తల్లి ముందుకొచ్చింది. "పోయినేడు మా పోరన్ని గిట్లనే ఎల్లగొట్టిండ్రు భాయ్. అప్పుడు నేనొక్కదాన్నే వచ్చిన."

నళినికి ఆ రోజు గుర్తుంది. ఆ పిల్లవాడి పేరూ తన పెన్నుతో రాసిందే. లోపలికెళ్లి రిజిస్టర్ తెచ్చి మెట్ల మీద కూర్చుంది.

"మేడం, మీ ఉద్యోగం పోతది!" అని అరిచాడు మురళీధర్.

ఆమె పెన్సిల్ పేర్లన్నీ పైకి చదివింది. చదివిన ప్రతి పేరునూ పెన్నుతో దిద్దింది. ఆఖరున తన పేరు రాసుకుంది, ఎదురుగా తప్పు కూడా రాసింది: 'తొమ్మిదేళ్లు పెన్సిల్ పట్టడం'.

తొమ్మిదో తరగతి పిల్లలు బయటికొచ్చేశారు. వాళ్లలో తెలిసిన ఇంటి పిల్ల ఆశ్రిత ముందు నిలబడింది. "మా క్లాసుల ఫ్యాన్ రెక్క వంచింది నేనే మేడం, ఎవ్వలూ రాయలే. పెన్నుతో రాయుండ్రి. మూడుసార్లు రాయుండ్రి, నాకు గూడ టీసీ కావాలె."

ఆమె వెనక ఇంకొకరు, వాళ్ల వెనక ఇంకొకరు. వరస గేటు దాకా సాగింది.

మురళీధర్ పిలిచిన పోలీసుల జీపు వచ్చింది. లొల్లికి మూలమని నళినినీ పెంటయ్యనూ పట్టుకున్నారు, రిజిస్టర్ లాక్కున్నారు. హమాలీలు జీపుకు అడ్డం కూర్చున్నారు. లాఠీలు లేచాయి. పిల్లల వరస మాత్రం కదల్లేదు.

జీపెక్కిస్తున్న నళిని చేతిలోంచి స్రవ్య పెన్ను అందుకుంది. తన నోటుబుక్కు తెరిచి అదే మెట్టు మీద కూర్చుంది.

"తర్వాత ఎవరు?" అంది.