పుర్రచేతి బేస్ గిటారు

నేను ఒక బేస్ గిటారుని. పాట వినేవాళ్ళలో చాలామందికి నేనున్నట్టే తెలియదు. గొంతు బాగుందంటారు, తబలా బాగుందంటారు, ఆఖరికి మైకు సెట్టువాడిని కూడా మెచ్చుకుంటారు. నా ఊసు ఎవరూ ఎత్తరు. అయితే నేను ఒక్క చరణం ఊరుకున్నానంటే చాలు, కూర్చున్నవాళ్ళంతా కుర్చీల్లో అటూ ఇటూ కదులుతారు. ఏదో తగ్గిందని తెలుస్తుంది కానీ ఏం తగ్గిందో చెప్పలేరు. దానికి నాకేమీ బాధ లేదు. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు పునాదిని పొగడరు కదా.

నేను కలకత్తాలో ఒక ఇరుకు కార్ఖానాలో పుట్టాను. నన్ను చెక్కిన మనిషి మంచి పనివాడే. కుడిచెయ్యి ఎక్కడ ఆనాలో, నా నడుము ఏ తొడ మీద కూర్చోవాలో అన్నీ ఆలోచించి వంపులు తీశాడు. లోకంలో ఇంకో రకం మనుషులు ఉంటారన్న సంగతి మాత్రం అతనికి తట్టలేదు. పైన లావు తీగ, కింద సన్న తీగ, నేనూ అందరిలాగే కుడిచేతి గిటారునై బయటికి వచ్చాను.

నా మొదటి యజమాని విశాఖపట్నంలో పెళ్ళిళ్ళకి వాయించే ఏసోబు. చెయ్యి తీపి, నోరు కారం. అతనితో తిరిగినన్నాళ్ళూ నేను తినని పెళ్ళి భోజనాల వాసన చాలా చూశాను. తరవాత కీబోర్డులు వచ్చాయి. ఒక మీట నొక్కితే అందులోంచి నాలాంటి మోత వస్తుందట. నాలాంటిదే కానీ నాది కాదు. ఆ తేడా పెళ్ళివారికి అక్కర్లేకపోయింది. ఏసోబు నన్ను కొన్నేళ్ళు మంచం కింద దాచి, చివరికి విజయనగరంలో ఒక వాయిద్యాల కొట్టుకి ఇచ్చేశాడు. అక్కడ హార్మోనియం పెట్టెల మధ్య మేకుకి వేలాడుతూ, వచ్చేపోయేవాళ్ళ మొహాలు చూస్తూ గడిపాను.

ఒకరోజు గౌరీశ్వరి వచ్చింది. బస్ కాంప్లెక్సులో రిజర్వేషన్ కౌంటరు దగ్గర పనిచేస్తుంది. కొట్టాయన నన్ను దించి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ నన్ను అటుది ఇటు తిప్పి పట్టుకుంది. నా మెడ కుడిచేతిలోకి పోయింది, తీగలు ఎడమచేతి కిందికి వచ్చాయి. నాకు కళ్ళు తిరిగాయి.

"అలా కాదమ్మా, ఇలాగ," అని కొట్టాయన నన్ను మళ్ళీ సరిగ్గా తిప్పబోయాడు.

"నాకిలాగే వస్తాదండి," అంది ఆవిడ.

ఆ మాట అనడానికి ఆవిడకి ఎంతకాలం పట్టిందో నాకు తరవాత తెలిసింది. చిన్నప్పుడు అన్నం దగ్గర వాళ్ళ నాయనమ్మ పుర్రచేతిని తువ్వాలుతో నడుముకి కట్టేసేదట. బడిలో మాస్టారు పలక కుడిచేతికి మార్చారు. వయొలిన్ నేర్చుకుంటానని వెళితే, ముందు చెయ్యి మార్చుకుని రమ్మన్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అలవాటు కొద్దీ ఎడమచేత్తో టిక్కెట్టు అందిస్తే, "ప్రయాణం మీద ఎల్తన్నాం, ఆ చేత్తో ఇస్తావేటమ్మా?" అని ఒక పెద్దావిడ తీసుకోకుండా నిలబడిందట. అప్పట్నుంచి టిక్కెట్టు కుడిచేతిదే. రాత కుడిచేతిది, అన్నం కుడిచేతిది, దణ్ణం రెండు చేతులదీ. ఎడమచేతికంటూ మిగిలింది నేనొక్కదాన్నే. ఈ సంగతి తెలిశాక నేను కాస్త నిటారుగా నిలబడటం మొదలుపెట్టాను.

తీగల వరస కూడా మార్చుకోవచ్చని ఆవిడకి మొదట్లో తెలియదు. కొన్నది కొన్నట్టే తిప్పి పట్టుకుని, లావు తీగ నేల వైపుకీ సన్న తీగ ఆకాశం వైపుకీ ఉండగానే వాయించింది. ఫోనులో పాఠాలు చెప్పేవాళ్ళంతా కుడిచేతివాళ్ళు. వాళ్ళ చేతుల్ని అద్దంలో చూసినట్టు చూసి నేర్చుకుంది. శబ్దం పెంచి తగ్గించే నా మీటలు ఆవిడ మోచేతికి గుచ్చుకునేవి, నా ఒంటి అంచున పొడుచుకొచ్చిన కొమ్ము డొక్కలో పొడిచేది. ఏడాది పైనే అలా కాపరం చేశాం. ఆ తరవాత ఎక్కడో విని, కొట్టాయన దగ్గరికి తీసుకెళ్ళి, తీగలు కూర్చునే గాడులు అరగదీయించి, వరస మొత్తం తిరగేయించింది. లావు తీగ ఆవిడ బొటనవేలి దగ్గరికి వచ్చింది. వచ్చిందంతా మరిచి మళ్ళీ మొదట్నుంచి నేర్చుకుంది. విసుక్కోలేదు. ఇష్టమైన పని రెండుసార్లు చెయ్యడానికి విసుగెందుకు?

ఊళ్ళో సూరన్న మేస్టారని మాండలిన్ వాయించే పెద్దాయన ఉన్నారు. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళని పోగుచేసి ఆదివారాలు తమ ఇంటి వసారాలో సాధన చేయిస్తారు. గౌరీశ్వరి వెళ్ళి తననీ చేర్చుకోమని అడిగింది. మేస్టారు నన్ను చూశారు, ఆవిడ పట్టుకున్న తీరు చూశారు. కీబోర్డు వాయించే కిశోర్ అప్పటికే నా మోత తన మీట మీద వేసేస్తున్నాడు.

"దసరా ప్రోగ్రాం వరకూ రా అమ్మా. కుదిరిందా, నువ్వే ఉంటావు. కుదర్లేదా, కీబోర్డు ఎలాగూ ఉంది," అన్నారాయన.

కీబోర్డు ఎలాగూ ఉంది. ఏసోబుని మంచం మీదికీ, నన్ను మంచం కిందికీ పంపిన మాట అదే. ఈసారి నాకు భయం వేసింది. ఆవిడ మాత్రం మూడో పాటలో అందరూ ఆగి నేనొక్కదాన్నే మోగే చోటు ఒకటి అడిగి మరీ పెట్టించుకుంది.

దసరాకి మా మేస్టారింట్లో ఒక ఆచారం ఉంది. మహర్నవమి నాడు వాయిద్యాలన్నిటినీ తుడిచి, కొత్త తీగలు వేసి, బొట్లు పెట్టి పూజలో ఉంచుతారు. విజయదశమి పూజ అయ్యేదాకా ఎవరూ ముట్టుకోరు. అక్కణ్ణుంచి నేరుగా వేదిక మీదికే. గౌరీశ్వరికి ఆ పండగ రద్దీలో సెలవు దొరకలేదు. నన్ను ముందే ఇచ్చేసి వెళ్ళింది.

మేస్టారు నా తీగలు విప్పుతూ ఆగిపోయారు. "ఎవడో తెలిసీ తెలీక తిరగేసి బిగించాడు. పాపం, ఈ అమ్మాయి ఇలాగే లాక్కొస్తంది," అన్నారు. గిటారు తిప్పి పట్టుకోవడం చేతివాటం, తీగల వరస మాత్రం శాస్త్రం అని ఆయన లెక్క. ఎంతో ప్రేమగా కొత్త తీగలు తెచ్చి, పుట్టినప్పటి వరసలోనే బిగించి, శ్రుతి చేసి, బిరడాల దగ్గర మిగిలిన కొసలు నీటుగా కత్తిరించేశారు. పాతవి పారేశారు. నుదుట బొట్టుతో, మెడలో బంతిపూలతో నేను నోరు లేకుండా ఉండిపోయాను. నాకున్న నోరల్లా తీగలే కదా, అవి ముట్టుకునేవాళ్ళు లేరు.

మర్నాడు సాయంత్రం గౌరీశ్వరి డ్యూటీ దిగి నేరుగా వేదిక ఎక్కింది. నన్ను భుజానికి తగిలించుకుని బొటనవేలు ఆనించింది. సన్న తీగ తగిలింది. వేలు అక్కడే ఆగిపోయింది. మేస్టారు అప్పటికే మైకులో మమ్మల్ని పరిచయం చేస్తున్నారు. తీగలు మార్చడానికి వేళ లేదు, ఉన్నా కత్తిరించిన కొసలు చాలవు.

పక్కనున్న కిశోర్ చూశాడు. మంచివాడే. "అక్కా, నేను కీబోర్డులో వేసేస్తాను. నువ్వు ఊరికే పట్టుకుని నిల్చో. ఎవలికీ తెలీదు," అన్నాడు గుసగుసగా.

ఎవరికీ తెలియదు, నిజమే. ఆ నిజమే ఆవిడకి రోషం తెప్పించిందనుకుంటాను.

"నువ్వు ముట్టుకోకు తమ్ముడూ. నాను చూసుకుంటాను," అంది.

మొదటి పాటలో ఒక స్వరం తప్పింది. తరవాత ఆవిడ తెలివిగా స్వరాలు తగ్గించుకుని, ఉన్నంతలో నిలబడింది. రెండో పాటకి వేళ్ళకి ఆ మొదటి ఏడాది గుర్తుకు రావడం నాకు తెలిసింది. లావు తీగ కోసం వేలు కిందికి దానంతటదే దిగింది. అరగదీసిన వెడల్పు గాడిలో సన్న తీగ వదులుగా కూర్చుని జిర్రుమంటోంది, అయినా నాకు సిగ్గనిపించలేదు. మూడో పాటలో ఆ చోటు వచ్చింది. అందరూ ఆగారు. మాండలిన్ ఆగింది, కీబోర్డు ఆగింది. మేమిద్దరమే మిగిలాం. జిర్రుతో సహా మోగాను. ముందు వరసలో వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న ఒకాయన చెయ్యి ఆపి, శబ్దం ఎక్కణ్ణుంచి వస్తోందా అని వెతికి, ఆవిణ్ణి చూశాడు. నా జీవితంలో నన్ను వెతికిన మొదటి శ్రోత ఆయన.

ప్రోగ్రాం అయ్యాక మేస్టారు సంతోషంగా వచ్చారు. "కొత్త తీగలు, ఎలా పలికిందో చూశావా? వరస కూడా సరిచేశాను."

"చూశాను మేస్టారూ. నా వరస నేనే తిరగేయించుకున్నాను. మీరు మళ్ళీ తిరగేశారు."

ఆయన నన్ను తీసుకుని ఆవిడలాగే తిప్పి పట్టుకున్నారు. వేళ్ళు పెట్టి చూశారు. ఒక్క స్వరమూ తిన్నగా పలికించలేకపోయారు.

"మరెలా వాయించావమ్మా? చెప్తే ప్రోగ్రాం ఆపేవాణ్ణి కదా."

"ఆపితే కీబోర్డు ఎలాగూ ఉంది కదండీ," అంది. తరవాత నవ్వింది. "చిన్నప్పట్నుంచీ అందరూ నన్ను సరిచేసినోళ్ళే మేస్టారూ. మీరొక్కరేటి."

ఆయనకి ఆ నవ్వు గుచ్చుకుంది. నన్ను తుడిచి పెట్టెలో పెట్టారు. ఆదివారాల సాధనలో మా చోటు కీబోర్డుకి ఇచ్చే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మరుసటి దసరాకి ఆయనే కబురు పంపారు. సెలవు పెట్టి రమ్మన్నారు. వసారాలో పీట వేసి, కొత్త తీగలు ముందు పెట్టి, "నువ్వే వెయ్యి. నేను చూస్తాను," అన్నారు. ఆవిడ వేస్తుంటే పిల్లవాడిలా చూశారు. వాయిద్యాలన్నీ మెడలు ఒకే వైపుకి పెట్టి వరసగా పడుకోబెట్టాక, నన్ను మాత్రం ఆయనే మెడ రెండో వైపుకి తిప్పి పెట్టారు.

ఇక ఆవిడ నాకు బొట్టు పెట్టాలి. వచ్చినవాళ్ళంతా చుట్టూ నిలబడి ఉన్నారు. కుంకుమ పళ్ళెం ఆవిడ కుడిపక్కన ఉంది. ఆవిడ కుడిచెయ్యి దానివైపు వెళ్ళి, మధ్యలో ఆగి, వెనక్కి వచ్చి ఒళ్ళో కూర్చుంది. ఎడమచెయ్యి లేచింది. పళ్ళెం అందడానికి ఒంటి మీదుగా వంగాల్సి వచ్చింది.

వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. మేస్టారు వాళ్ళవైపు చూడలేదు. పళ్ళెం తీసి ఆవిడ ఎడమపక్కన పెట్టారు.