మకమాసి ఇల్లు

మా వైపు మకమాసి అంటే చీమిడి. మా ఇంటికి ఊరు పెట్టిన పేరూ అదే. టబోరా సంతలో మా ఇల్లెక్కడని అడిగితే, "ఆ చీమిడోళ్ళదా?" అంటూ దారి చూపిస్తారు. ఆ పేరు ఎలా వచ్చిందో తలా ఒకటి చెబుతారు. మా తాత ముక్కు ఏడాది పొడుగునా కారేదని కొందరు. ముక్కు తుడుచుకున్న చేత్తోనే తేనె అమ్మాడని గిట్టనివాళ్ళు.

అవ్వ పోయిన రోజు ఆ పేరు నా మెడకు చుట్టుకుంది. నేను మనసుపడ్డ న్యామిజిని నాకిచ్చేదీ లేనిదీ ఇంకా తేల్చని వాళ్ళ నాన్న కషిందీ పరామర్శకు వచ్చాడు. పక్క ఊరి బడిపెద్ద. జేబులో మడత నలగని చేతిరుమాలు. చీమిడోళ్ళింటికి పిల్లనిస్తాడా ఆయన?

నాకు భయమంతా సెంబోజాతోనే. వాళ్ళ నాన్న రైలు పనికొచ్చి మా పక్కింట్లో స్థిరపడిన జిగువా తెగ మనిషి. జిగువాలకూ మా న్యామ్వేజీలకూ ఉతాని, తాతలనాటి వేళాకోళపు చుట్టరికం. చావింట్లో వాళ్ళేమన్నా మేం కోపగించకూడదు. అప్పటికే సెంబోజా మా అవ్వ చాప మీద తనే శవమైనట్టు పడుకుని, శవానికి ఆకలేస్తోంది, ఉగాలి ముద్ద తెమ్మంటున్నాడు. పక్కకు పిలిచి, ఈ ఒక్క రోజుకు ఇంటిపేరు ఎత్తొద్దని బతిమాలాను. ఉతాని చుట్టాన్ని నోరు మూసుకోమనడం బుద్ధున్నవాడు చేసే పని కాదు.

తిన్నగా జనం మధ్యకెళ్ళి నిలబడ్డాడు.

"ఈ మిహాయోగాడు చీమిడి మాట ఎత్తొద్దంటున్నాడు. ఎత్తకపోతే ఎట్లారా? నన్ను కన్నాక మా అమ్మ జ్వరంతో పడింది. ముక్కు మూసుకుపోయి నేను పాలు తాగలేకపోతున్నా. ఈ ముసల్ది వచ్చి, నా ముక్కుకు నోరు పెట్టి పీల్చి, వాకిట్లో ఉమ్మింది. నెల్లాళ్ళు పొద్దున్నే అదే పని. మకమాసి అని మొదట పిలిచింది మా నాయనే. మెచ్చుకోవడం మాకు చేతకాదు కదా, వెక్కిరించడమే వచ్చు."

అంటుండగానే ఏడుపొచ్చి ముక్కు కారింది. కషిందీ లేచి తన రుమాలిచ్చాడు. సెంబోజా వాకిలి అదిరేలా చీది, మర్యాదగా తిరిగివ్వబోయాడు. ఆయన చెయ్యి చాపలేదు. నా వైపు తిరిగాడు.

"నీకు చేతనవునా, ఆ పీల్చడం?"

"మా చెల్లెలి బిడ్డకు నేనే చేశాను, పెద్దాయనా."

"మా న్యామిజికి అసహ్యం. మీ ఇద్దరిలో ఒకరికైనా రావాలిలే."

పెళ్ళికి సెంబోజా ఆ రుమాలే మెడకు కట్టుకొచ్చాడు. ఉతికాడో లేదో ఎవరం అడగలేదు.